13 ఏళ్ల పిల్లికి షుగర్, కిడ్నీ సమస్య రెండూ: ఇన్సులిన్ మొదలుపెట్టాలా? (హన్మకొండ)

సుబేదారి_పిల్లిల్లు
ఫిబ్రవరి 9, రాత్రి 10:40

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, సుబేదారి. మా పులిరాజుకి 13 ఏళ్లు. మగపిల్లి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చిన్నప్పుడే అయింది. గుప్పెడంత ఉన్నప్పుడు మా మెట్ల కింద దొరికాడు. నిన్న రక్తపరీక్షలో షుగర్ 438 వచ్చింది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.4. మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా ఉందన్నారు.

రెండు నెలలుగా తేడా కనబడుతూనే ఉంది. గిన్నెలో నీళ్లు చాలక బాత్రూమ్‌లో బకెట్ అంచు మీద ముందుకాళ్లు పెట్టి తాగేవాడు. ఇసుక ట్రేలో గడ్డలు నా పిడికిలంత ఉండేవి. ఒకరోజు ట్రే పక్కన పోస్తే అక్కడ చీమలు బారులు కట్టాయి. మా నాన్నకి చాలా ఏళ్లుగా షుగర్. ఆ చీమల్ని చూసి ఆయనే అన్నారు, "బిడ్డా, వీనికి కూడా నా రోగమే పట్టినట్టుంది" అని. తర్వాత వెనకకాళ్లు దెబ్బతిన్నాయి. పిల్లి వేళ్ల మీద నడుస్తుంది కదా, వీడు మడమలు నేలకి ఆనించి నడుస్తున్నాడు. కిటికీ గట్టు ఎక్కడం వాడికి ఎంతో ఇష్టం. ఇప్పుడు కింద కూర్చుని పైకి చూసి, మళ్లీ తల దించుకుంటున్నాడు. 6.2 కిలోలుండేవాడు, ఇప్పుడు 4.7.

ఇంకో సంగతి. వాడికి చిగుళ్ల పుండ్లు. పోయిన ఏడాది మూడుసార్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించాం, చివరిది డిసెంబర్ ఆఖర్లో. వేసిన రెండు రోజులకే మళ్లీ తినేవాడు కాబట్టి నేనే వెళ్లి ఇంకోసారి వేయమని అడిగాను. దానివల్ల షుగర్ రావచ్చని ఆ క్లినిక్‌లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తిండి పొద్దున పెరుగన్నం, సాయంత్రం గింజల ఫుడ్ (షాపులో దొరికే పొడి క్యాట్ ఫుడ్).

రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ ఇవ్వాలని డాక్టర్ అన్నారు. ఇంట్లో వాళ్లేమో ముసలి పిల్లికి ఇంకా సూదులెందుకు అంటున్నారు. నాన్న ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది, అదే వాడొచ్చా? కిడ్నీకి మాంసం తగ్గించాలంటారు, షుగర్‌కి అన్నం తగ్గించాలంటారు. మరి ఏం పెట్టాలి? నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

---

గోదావరిఖని_మూడోషిఫ్ట్
ఫిబ్రవరి 9, రాత్రి 11:25

చెల్లే, ముందు కాస్త కుదుటపడు. మా తెల్లపిల్లికి 11వ ఏట షుగర్ వచ్చింది, ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. ఆ నాలుగేళ్లూ ఎండలో పొర్లింది, కోడిపిల్లల వెంట పడింది, నా ఛాతీ మీద పడుకుంది.

మీ నాన్న ఇన్సులిన్ మాత్రం ముట్టుకోకు. ఎక్కువమంది పెద్దవాళ్లు వాడేది రెండు రకాలు కలిపినది, 30/70 అని ఉంటుంది. పిల్లులకి సాధారణంగా గ్లార్జిన్ అనే రకం రాస్తారు, లాంటస్, బాసలాగ్ అని దొరుకుతుంది. మనుషుల మందే, కానీ డోసు మనుషులది కాదు. మనుషులకి ఇరవై, ముప్పై యూనిట్లు వేసే చోట పిల్లికి ఒక్క యూనిట్, ఒక్కోసారి అర యూనిట్.

సూది గురించి భయపడకు. ఆ సూది వెంట్రుకంత సన్నం. తింటున్నప్పుడు భుజాల దగ్గర తోలు గుడారంలా పైకెత్తి గుచ్చితే మాది తల కూడా ఎత్తేది కాదు. చేతులు వణికేవి నావే.

నీకు నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో గ్లూకోమీటర్ పెట్టుకో. కొలవకుండా ఇన్సులిన్ ఇవ్వడమంటే దీపం లేకుండా బొగ్గు బాయిలో దిగినట్టే. ఇరవై రెండేళ్లుగా బాయిలో దిగుతున్నవాణ్ణి, ఆ మాట ఊరికే అనను.

---

మామునూరు_పశువైద్యం
ఫిబ్రవరి 10, ఉదయం 6:50

అక్కా, నేను మామునూరు వెటర్నరీ కాలేజీలో చదివాను, ఇప్పుడు జనగామ వైపు ప్రాక్టీస్. మీ పిల్లిని చూడకుండా డోసు చెప్పను, అది మీ డాక్టర్ పని. తెలుసుకోవాల్సిన విషయాలు మాత్రం చెప్తాను.

క్లినిక్‌లో భయపడిన పిల్లికి షుగర్ లేకపోయినా 300 దాకా చూపించవచ్చు. అందుకే ఒక్క అంకె చూసి తేల్చకూడదు. మీవాడి విషయంలో బరువు తగ్గడం, నీళ్లు తాగడం, మడమల నడక అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి, అనుమానం పెద్దగా లేదు. అయినా ఫ్రక్టోసమీన్ అనే పరీక్ష ఉంది, గత రెండు మూడు వారాల సగటు చెప్తుంది. కుదిరితే చేయించండి. వయసు 13 కాబట్టి థైరాయిడ్ కూడా చూడాలి. థైరాయిడ్ ఎక్కువున్న పిల్లిలో ఫ్రక్టోసమీన్ తక్కువ చూపించి మోసం చేస్తుంది.

ఆ మడమల నడక కాళ్ల నరాలకి షుగర్ చేసిన దెబ్బ. షుగర్ అదుపులోకి వస్తే చాలా పిల్లుల్లో నెలల మీద మెరుగవుతుంది.

స్టెరాయిడ్ సంగతి మీరు చెప్పడం చాలా మంచిదైంది. దాని వల్ల ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. ఎక్కువకాలం నిలిచే రకం వేసి ఉంటే దాని ప్రభావం వారాల తరబడి ఉంటుంది. అది దిగిపోతున్నప్పుడు పిల్లికి ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోవచ్చు. మూత్రం ఇన్ఫెక్షన్, నోటి పుండ్లు కూడా షుగర్‌ని పైకి తోస్తాయి. అవి తగ్గినా అదే జరుగుతుంది. అంటే ఈరోజు సరిపోయిన డోసు వచ్చే నెలకి ఎక్కువైపోవచ్చు. ఈ మాట గోడ మీద రాసిపెట్టుకోండి.

ఇక మిమ్మల్ని మీరు నిందించుకోకండి. నొప్పితో తినలేని పిల్లిని చూసి ఎవరైనా అదే అడుగుతారు.

---

పరకాల_పెద్దమ్మ
ఫిబ్రవరి 10, ఉదయం 9:15

బిడ్డా, మెంతులు నానబెట్టిన నీళ్లు, కాకరకాయ రసం ఒక చెంచా పట్టి చూడరాదూ? మా ఇంట్లో మనుషులకి గుణమిచ్చింది. సూదుల కంటే ముందు అది చూడొచ్చు కదా అని.

---

మామునూరు_పశువైద్యం
ఫిబ్రవరి 10, ఉదయం 11:30

పెద్దమ్మా, మీరు ప్రేమతోనే చెప్పారు. కానీ పిల్లి శరీరం వేరు. చేదు నోట్లో పోస్తే తిండి మీదే విరక్తి పుడుతుంది. పిల్లి మూడు నాలుగు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయంలోకి చేరి ప్రాణం మీదికొస్తుంది. అది షుగర్ కంటే త్వరగా చంపుతుంది. మనుషుల షుగర్ మాత్రలు కూడా ఇవ్వకూడదు, ముఖ్యంగా కిడ్నీ దెబ్బతిన్న పిల్లికి మెట్‌ఫార్మిన్. మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, పిల్లికి జ్వరమని పారాసెటమాల్ అస్సలు వేయకండి, ఒక్క బిళ్లతో పోయిన పిల్లుల్ని చూశాను.

---

కరీంనగర్_పాతఇల్లు
ఫిబ్రవరి 10, రాత్రి 8:05

నా మాట వేరుగా ఉంటుంది, తప్పుగా అనుకోవద్దు. మా పిల్లికి 15 ఏళ్లు, కిడ్నీలు పోయాయి. దాన్ని రోజు విడిచి రోజు ఆటోలో తీసుకెళ్లి సెలైన్ ఎక్కించాం. చివరి రెండు వారాలు బుట్ట చూస్తేనే మంచం కిందకి పోయేది. ఆఖరికి నా చేతుల్లో ఉండాల్సింది అక్కడ స్టీల్ బల్ల మీద పోయింది. దాని కోసం చేశానా, నా కోసం చేశానా అని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. మొదలుపెట్టేముందు ఎక్కడ ఆపాలో కూడా ఆలోచించుకోండి.

---

సుబేదారి_పిల్లిల్లు
ఫిబ్రవరి 11, ఉదయం 5:40

కరీంనగర్ అక్కా (అక్క అనే అనుకుంటున్నాను), మీ మాట రాత్రంతా ఆలోచించాను. తప్పుగా అనుకోలేదు. అక్కడ పోయిందని రాశారు చూడండి, ఆ వాక్యం దగ్గర ఫోన్ పక్కన పెట్టేశాను.

నాన్నతో కూర్చుని ఒకటి నిర్ణయించుకున్నాం. వాడు తనంతట తాను తింటున్నాడా, ఒళ్లు నాక్కుని శుభ్రం చేసుకుంటున్నాడా, నేను బడి నుంచి రాగానే తలుపు దగ్గరికి వస్తున్నాడా. ఈ మూడింటిలో రెండు పోయి, వారమైనా తిరిగి రాకపోతే ఇక వాణ్ణి ఇబ్బంది పెట్టం. ఈరోజుకి మూడూ ఉన్నాయి. తలుపు దగ్గరికి మడమల మీద నడుచుకుంటూ అయినా వస్తున్నాడు. అందుకే మొదలుపెడుతున్నాం.

డాక్టర్ గ్లార్జిన్ ఒక యూనిట్, పన్నెండు గంటలకోసారి అన్నారు. పొద్దున 6:30, సాయంత్రం 6:30.

---

సుబేదారి_పిల్లిల్లు
ఫిబ్రవరి 13, రాత్రి 9:20

ఈరోజు జరిగింది అందరూ చదవాలి.

మెడికల్ షాపులో గ్లార్జిన్ తీసుకుని, ఇన్సులిన్ సిరంజిలు కూడా ఇవ్వమన్నాను. ఇచ్చారు. ఇంటికొచ్చి మొదటి డోసు తీయబోతుంటే నాన్న చేయి పట్టుకుని ఆపారు. సిరంజికి ఎర్ర మూత. నాన్న తన సీసా, నా సీసా పక్కపక్కన పెట్టి ట్యూబ్‌లైట్ కింద చూపించారు. ఆయన సీసా మీద 40 అని ఉంది, నా దాని మీద 100 అని ఉంది, అంటే ఒక మిల్లీలీటరులో అన్ని యూనిట్లు. ఎర్ర మూత సిరంజి 40 రకానికి. 100 రకానికి నారింజ మూతది కావాలి. ఎర్రదాంట్లో ఒక గీత దాకా తీస్తే లోపలికి పోయేది ఒక యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. మొదటి రోజే రెండున్నర రెట్లు!

మళ్లీ వెళ్లి మార్చుకున్నాను. అర యూనిట్ గీతలున్న 30 యూనిట్ల చిన్న సిరంజిలు ఉన్నాయో అడిగితే తెప్పించి ఇస్తామన్నారు.

సూది వేశాను. నిజంగానే తల ఎత్తలేదు.

---

గోదావరిఖని_మూడోషిఫ్ట్
ఫిబ్రవరి 13, రాత్రి 10:10

మీ నాన్నకి దండం చెల్లే. ఎన్ని ప్రాణాలు ఆ రెండు రంగుల దగ్గర పోతున్నాయో.

ఇంకో రెండు మాటలు. సీసాని గిలకొట్టొద్దు. గ్లార్జిన్‌లో నీళ్లు గానీ సెలైన్ గానీ కలపొద్దు, కలిపితే దాని గుణమే మారిపోతుంది. పెన్ను కార్ట్రిడ్జ్ అయితే రబ్బరు మూత గుండా సిరంజితోనే తీసుకోవచ్చు, లోపలికి గాలి ఎక్కించొద్దు. సూది వేసేటప్పుడు సగం బొచ్చులో కారిపోయిందని అనుమానమొస్తే మళ్లీ వేయొద్దు. ఒక డోసు తప్పితే పిల్లికి ఏమీ కాదు, రెండోసారి పడితేనే ప్రమాదం.

షుగర్ కొలవడానికి చెవి నుంచి రక్తం తీయడం: బియ్యం సాక్సులో పోసి పెనం మీద కొద్దిగా వెచ్చబెట్టి, ముందు నీ చెంపకి ఆనించుకుని చూసి, చెవి అంచుకి అర నిమిషం పెట్టు. వెచ్చబడితే రక్తం వస్తుంది. చెవి వెనక దూది పెట్టు, లేకపోతే నీ వేలికి గుచ్చుకుంటుంది. గుచ్చాక అర నిమిషం దూదితో అదిమి పట్టు. వెంటనే ఒక చికెన్ ముక్క. మూడో రోజుకి మీటర్ పెట్టె చప్పుడు వింటేనే మాది పరుగెత్తుకొచ్చేది, ముక్క కోసం.

---

మామునూరు_పశువైద్యం
ఫిబ్రవరి 14, ఉదయం 7:00

మనుషుల మీటర్ పిల్లి రక్తంలో కొంచెం తక్కువ చూపిస్తుంది, గుర్తుంచుకోండి. పర్వాలేదు, ఎప్పుడూ అదే మీటర్ వాడితే పోలిక దొరుకుతుంది. ఇన్సులిన్‌కి ముందు 150 కంటే తక్కువ కనబడితే, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఇవ్వకుండా ఆగి డాక్టర్‌కి ఫోన్ చేయాలి. డోసు పెంచాలన్నా కనీసం ఐదారు రోజులు ఆగాలి. రోజూ మారిస్తే అసలేం జరుగుతోందో ఎవరికీ అర్థం కాదు.

పిల్లికి సుమారు 250 దాటితే మూత్రంలోకి చక్కెర దిగడం మొదలవుతుంది. అంటే నూటికి నూరు మార్కుల షుగర్ అక్కర్లేదు. పెద్ద వయసు, కిడ్నీ సమస్య ఉన్న పిల్లిలో నేనైతే రోజులో ఎక్కువ సమయం 300 లోపు, ఎప్పుడూ 100 కిందకి పడకుండా ఉంటే సంతోషిస్తాను. ఎక్కువ ఉండటం నెలల్లో హాని చేస్తుంది, తక్కువ కావడం నిమిషాల్లో చేస్తుంది.

---

సుబేదారి_పిల్లిల్లు
ఫిబ్రవరి 20, రాత్రి 9:45

వారం అయింది. పొద్దున 340, 360 అలా ఉంటోంది. మూత్రం మందు నడుస్తోంది. తిండి సంగతి ఎవరైనా వివరంగా చెప్పండి. పెరుగన్నం ఇంకా పూర్తిగా మానలేదు, గిన్నె ముందు కూర్చుని అరుస్తాడు.

---

మామునూరు_పశువైద్యం
ఫిబ్రవరి 21, ఉదయం 6:35

ఇదే అసలు చిక్కు. షుగర్‌కి మాంసకృత్తులు ఎక్కువ, పిండిపదార్థం బాగా తక్కువ ఉండాలి. కిడ్నీకి భాస్వరం తగ్గాలి. కిడ్నీ కోసం అమ్మే ఫుడ్‌లో భాస్వరం తగ్గించే క్రమంలో పిండిపదార్థం పెరుగుతుంది. షుగర్ కోసం అమ్మేదాంట్లో ఇది తలకిందులవుతుంది. రెండింటికీ సరిగ్గా కుదిరే డబ్బా ఏదీ లేదు.

క్రియాటినిన్ 2.4 అంటే కిడ్నీ జబ్బులో సాధారణంగా రెండో దశ, ఇంకా చేయి దాటలేదు. నీళ్లు తగ్గి ఉంటే ఆ అంకె కొంత ఎక్కువే చూపించవచ్చు. కాబట్టి షుగర్‌కి కాస్త ఎక్కువ మొగ్గుతూ, గింజల ఫుడ్ నుంచి తడి ఫుడ్‌కి మారండి. గింజలు గట్టిగా నిలబడాలంటేనే పిండి కావాలి, తడి ఫుడ్‌కి అక్కర్లేదు. పైగా తడి ఫుడ్‌తో కడుపులోకి నీళ్లు పోతాయి, కిడ్నీకి అదే మందు. గ్రేవీ చిక్కగా ఉన్నవాటి కంటే ముద్దగా ఉన్నవి చూడండి, గ్రేవీకి పిండి కలుపుతారు. రక్తంలో భాస్వరం, పొటాషియం కొలిపించండి. భాస్వరం ఎక్కువుంటే తిండిలో కలిపే మందు డాక్టర్ రాస్తారు.

ఉడికించిన చికెన్ పెడతామంటారు అందరూ. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా పెట్టొచ్చు, కానీ అదొక్కటే నెలల తరబడి సరిపోదు. కాల్షియం ఉండదు. ఉడికిన నీళ్లు పారబోస్తే భాస్వరం కొంత పోతుంది, దాంతోపాటు టారిన్ కూడా పోతుంది. టారిన్ లేకపోతే పిల్లికి గుండె, కళ్లు దెబ్బతింటాయి. కాలేయం రోజూ పెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యం, తినాలి. మంచి ఫుడ్ వద్దన్న పిల్లి కంటే పెరుగన్నం తిన్న పిల్లి నయం. మెల్లగా మార్చండి. ఒక హెచ్చరిక: అన్నం తగ్గిన రెండు మూడు రోజుల్లోనే షుగర్ దిగుతుంది. తిండి మార్చేటప్పుడు ఇన్సులిన్ అదే డోసు ఉంచకండి, డాక్టర్‌కి ముందే చెప్పండి.

---

సుబేదారి_పిల్లిల్లు
మార్చి 7, రాత్రి 1:50

చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఇప్పుడు బాగానే ఉన్నాడు. రాయకపోతే నిద్ర పట్టదు.

ఈ వారం పెరుగన్నం పూర్తిగా ఆపేశాను. మెల్లగా మార్చమన్నారు, రెండు వారాల్లో సగానికి తగ్గించి, ఇక చాల్లే అని ఒక్కసారిగా మానిపించాను. మధ్యలో డోసు ఒకటిన్నర యూనిట్ అయింది. అన్నం మానేశానని డాక్టర్‌కి చెప్పలేదు. సాయంత్రం 210 ఉంటే సూది వేశాను.

రాత్రి 11:30కి నీళ్లు తాగడానికి లేచాను. వాడు ఎప్పుడూ నా కాళ్ల దగ్గర పడుకుంటాడు, లేడు. వెతికితే బీరువా వెనక మూలలో గోడకి మొహం పెట్టి కూర్చున్నాడు. పిలిస్తే తల తిప్పాడు, తల ఊగుతోంది. కంటిపాప కన్నంతా నల్లగా పరుచుకుని ఉంది. లేచి నాలుగడుగులు వేసి పక్కకి ఒరిగిపోయాడు. మీటర్ పెడితే 41.

ఎక్కడో చదివింది గుర్తొచ్చింది. నోట్లో పోయలేదు, పొలమారుతుందని. తేనె వేలికి రాసుకుని చిగుళ్ల మీద రుద్దాను. చిగుళ్లు పుండ్లు కదా, నొప్పికి నా వేలు కొరికాడు. కొరకనీ అని మళ్లీ రుద్దాను. నాన్న టార్చి పట్టుకున్నారు. పది నిమిషాలకి 58. తల ఊగడం తగ్గింది. అప్పుడు తడి ఫుడ్ పెడితే నాకాడు, తర్వాత తిన్నాడు. అరగంటకి 92. గంటకి 131. డాక్టర్ ఫోన్ ఎత్తారు, గంట గంటకీ తెల్లవారేదాకా చూడమన్నారు, పొద్దున డోసు వద్దన్నారు.

ఇప్పుడు నా దుప్పటి మీద పడుకుని ముందుకాలు నాక్కుంటున్నాడు.

---

గోదావరిఖని_మూడోషిఫ్ట్
మార్చి 7, ఉదయం 4:30

ఇప్పుడే బాయి నుంచి పైకొచ్చి చూశాను. చెల్లే, నువ్వు చేసింది అక్షరాలా సరైంది. తేనె ప్రభావం త్వరగా దిగిపోతుంది, ఇన్సులిన్ ఇంకా గంటల తరబడి పనిచేస్తుంది. అందుకే కొలుస్తూనే ఉండు. మధ్యాహ్నం దాకా వదలకు.

---

మామునూరు_పశువైద్యం
మార్చి 7, ఉదయం 6:20

అక్కా, ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. అన్నం ఆగింది, ఇన్ఫెక్షన్ తగ్గింది, డిసెంబర్ స్టెరాయిడ్ దిగిపోయే సమయమూ ఇదే. మూడూ ఒకే వారంలో కలిశాయి. మీ డాక్టర్ డోసు బాగా తగ్గిస్తారు. ఒక నోట్‌బుక్ పెట్టండి: తేదీ, సమయం, షుగర్, డోసు, ఎంత తిన్నాడు. డాక్టర్‌కి ఆ పుస్తకం కంటే విలువైన రిపోర్ట్ లేదు.

మూర్ఛ వచ్చినా, తేనె రుద్దిన పదిహేను నిమిషాలకి కోలుకోకపోయినా ఇంట్లో ఆగకూడదు, సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించాలి. మరోవైపు, ఇన్సులిన్ చాలక షుగర్ ఎక్కువై తిండి మానేసి, వాంతులై, నోరు మగ్గిన పండు వాసన వస్తుంటే అది కీటోన్లు, అంటే ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలో పేరుకునే ఆమ్లాలు. అప్పుడు కూడా అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

---

డాలస్_హంటర్‌రోడ్
మార్చి 15, రాత్రి 11:00

అక్కా, పుట్టి పెరిగింది హంటర్ రోడ్డు, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాను. ఇక్కడ పిల్లుల షుగర్‌కి రోజుకొక మాత్ర వచ్చింది, బెక్సాక్యాట్. 2022 డిసెంబర్‌లో అనుమతి ఇచ్చారు. 2023లో సెన్వెల్గో అని నోట్లో పోసే ద్రవం కూడా వచ్చింది. వచ్చే నెల ఊరికొస్తున్నాను, తెమ్మంటారా?

---

మామునూరు_పశువైద్యం
మార్చి 16, ఉదయం 7:10

మంచి మనసుతో అడిగారు, కానీ ఈ పిల్లికి వద్దు. ఆ మందులు చక్కెరని మూత్రంలోకి నెడతాయి. బెక్సాక్యాట్‌ని అంతకుముందు ఇన్సులిన్ వాడిన పిల్లులకి ఇవ్వకూడదని దాని మీదే రాసి ఉంటుంది. షుగర్ మామూలుగా కనబడుతూనే కీటోన్లు పెరిగి ప్రాణం పోయే ప్రమాదం ఉంది. కిడ్నీ, క్లోమం బాగాలేని పిల్లిలో మరీ జాగ్రత్త. కొత్తగా షుగర్ బయటపడి, మిగతావన్నీ బాగున్న పిల్లికి డాక్టర్ చూసి ఇవ్వాల్సిన మందు అది.

---

మంచిర్యాల_వాన
మార్చి 22, సాయంత్రం 5:30

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మా 14 ఏళ్ల పిల్లికి కూడా కిడ్నీ సమస్య. నిన్నటి నుంచి గోడలకి గుద్దుకుంటోంది, కళ్లు పెద్దవిగా ఉన్నాయి. షుగర్ వల్లనా?

---

మామునూరు_పశువైద్యం
మార్చి 22, సాయంత్రం 5:42

షుగర్ కంటే బీపీ అనుమానం. కిడ్నీ జబ్బున్న పిల్లుల్లో బీపీ పెరిగి కంటి వెనక పొర ఊడి ఒక్కసారిగా చూపు పోతుంది. ఇప్పుడే బయల్దేరండి. త్వరగా మందు పడితే కొన్నిసార్లు కొంత చూపు తిరిగొస్తుంది. రేపు అనకండి.

---

సుబేదారి_పిల్లిల్లు
ఏప్రిల్ 26, రాత్రి 9:00

అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ఇప్పుడు అర యూనిట్ మీద ఉన్నాడు, 160 నుంచి 270 మధ్య తిరుగుతోంది. నీళ్లు బకెట్‌లోంచి తాగడం మానేశాడు.

నోటి సంగతి తేల్చకపోతే మళ్లీ స్టెరాయిడ్ గోలే అని, షుగర్ కుదురుకున్నాక హైదరాబాద్ తీసుకెళ్లాం. ఆరు పళ్లు తీశారు. మత్తు ఇచ్చే ముందు, ఇచ్చినంతసేపూ సెలైన్ నడిపారు, కిడ్నీల కోసం. నాకు మాత్రం ఆ రెండు గంటలు రెండేళ్లు. నాలుగో రోజు గిన్నె మొత్తం నాకి శుభ్రం చేశాడు, ఏడాదిలో మొదటిసారి తల ఒక పక్కకి వంచకుండా తిన్నాడు. అన్నాళ్లూ అలా వంచి తినడం వాడి అలవాటనుకున్నాను. నొప్పి అని ఇప్పుడు తెలిసింది.

ఇప్పుడు ఎండల టెన్షన్. మధ్యాహ్నం కరెంటు పోతే ఇన్సులిన్ ఎలా?

---

కరీంనగర్_పాతఇల్లు
ఏప్రిల్ 27, ఉదయం 8:20

ఆ తల వంచడం చదివి ఏడ్చాను. మాదీ అలాగే తినేది.

ఇన్సులిన్‌కి మా అమ్మ చేసే పద్ధతి: రెండు మట్టికుండలు, పెద్దదాంట్లో తడి ఇసుక, దాంట్లో చిన్న కుండ, చిన్నదాంట్లో మూత గట్టిగా ఉన్న స్టీల్ డబ్బాలో సీసా. పైన తడిగుడ్డ. కొన్ని గంటలైతే ఇబ్బంది లేదు. ఫ్రిజ్‌లో మధ్య అరలో పెట్టండి, ఐస్ పెట్టె దగ్గర వద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉండాలి, మసకబారితే పారేయండి.

---

సుబేదారి_పిల్లిల్లు
జూన్ 14, రాత్రి 8:30

క్రియాటినిన్ 2.1. భాస్వరం హద్దులోనే ఉంది. బరువు 5.1. వారానికి రెండుసార్లు చర్మం కింద ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్ ఇంట్లోనే ఇస్తున్నాను. గ్లూకోజ్ కలిసిన సెలైన్ కాకూడదని సీసా మీద పేరు ప్రతిసారీ పైకి చదివి నాన్నకి వినిపిస్తాను. గోరువెచ్చని నీళ్లలో సీసాని ఉంచి ఇస్తే కదలడు.

కొన్ని పిల్లులకి ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోతుందట. మాకు ఇంకా ఆ రోజు రాలేదు, డాక్టర్ తొందరపడొద్దన్నారు. ఫర్వాలేదు.

ఈరోజు సాయంత్రం నాన్న పేపర్ చదువుతుంటే కిటికీ దగ్గర ధప్‌మని చప్పుడైంది. పులిరాజు గట్టు మీద. ఒక వెనకకాలు ఇంకా జారుతూ ఉంది, గోళ్లతో పట్టుకుని పైకి లాక్కున్నాడు. కూర్చుని బయట పిచ్చుకల్ని చూస్తున్నాడు. నాన్న పేపర్ దించి, అద్దాలు తీసి తుడుచుకున్నారు. మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

---

గోదావరిఖని_మూడోషిఫ్ట్
జూన్ 14, రాత్రి 9:05

చెల్లే, మా తెల్లది కూడా నాలుగో నెలలోనే మళ్లీ గోడెక్కింది. ఈ కబురు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

---

నయీంనగర్_కొత్త
అక్టోబర్ 4, సాయంత్రం 6:15

నమస్తే. ఈ చర్చంతా రెండుసార్లు చదివాను. మా పిల్లికి 12 ఏళ్లు, ఈరోజే షుగర్ అన్నారు, 390. బతుకమ్మ ఆడుకుని వచ్చేసరికి మూలన పడుకుని ఉంది. ఇంట్లో ఎవరికీ సూది వేయడం రాదు. మీటర్ లేదు. షాపులో ఏమడగాలో కూడా తెలియడం లేదు.

---

సుబేదారి_పిల్లిల్లు
అక్టోబర్ 4, సాయంత్రం 6:22

చెల్లీ, నయీంనగర్ మాకు దగ్గరే. ఈ రాత్రికి ఇన్సులిన్ మొదలుపెట్టకపోయినా ఏమీ కాదు, తింటోందా, వాంతులు ఉన్నాయా అది చూడు. తినకపోతే ఇప్పుడే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. తింటే రేపు పొద్దున మీ డాక్టర్ రాసిన చీటీ పట్టుకుని రా, మెడికల్ షాపుకి ఇద్దరం వెళ్దాం. నారింజ మూత సిరంజి ఒకటి, నా పాత మీటర్ నా సంచిలో ఉంటాయి. బియ్యం సాక్సు కూడా తెస్తాను. నీ నంబర్ నాకు విడిగా మెసేజ్ పెట్టు.